టోక్యో డిస్నీల్యాండ్ చూడటానికి మాకు తోడ్పడిన నిషి కసాయ్ తెలుగువారికి కృతజ్ఞతలు

సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం టోక్యో డిస్నీల్యాండ్‌ను సంతోషంగా చూసుకొని రాజమహేంద్రవరం తిరిగి వచ్చింది. మావారికి ఉద్యోగరీత్యా టోక్యోలో కొద్ది రోజుల పని పడటంతో పిల్లలిద్దరినీ, మా అత్తయ్యగారినీ వెంటబెట్టుకొని వెళ్లే అవకాశం కలిగింది. ఆ నగరం మాలో ఎవ్వరికీ తెలియదు, ఆ భాషలో ఒక్క అక్షరం రాదు, మావారికి పని ఒత్తిడిలో తీరిక దొరకదు కనుక డిస్నీల్యాండ్ ఏర్పాట్లన్నీ నా మీదే పడ్డాయి. ఆ స్థితిలో నేను అడిగిన ఒక్క ప్రశ్నకు టోక్యోలోని నిషి కసాయ్ అనే పేటలో నివసించే తెలుగు కుటుంబాలు స్పందించిన తీరును నలుగురిలో చెప్పకపోవడం న్యాయం కాదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు కాబట్టి వరసలతోనే ప్రస్తావిస్తాను.

నేను అడిగినది ఒక్క రోజులో డిస్నీల్యాండ్‌లో ఏమేమి చూడవచ్చునని మాత్రమే. ఈ ప్రశ్నకు ఎక్కడ వెతికినా లెక్కలేనన్ని జవాబులు దొరుకుతాయి. అయితే వాటిలో చాలా భాగం తెల్లవారకముందే గేటు ముందు నిలబడి, రాత్రి దాకా పరుగులు తీయగల పడుచువారి కోసం రాసినవి. నిషి కసాయ్ అక్కయ్యగారు మాత్రం జవాబు చెప్పకుండా తిరిగి నన్నే ప్రశ్నించారు. అత్తయ్యగారు కూర్చోకుండా ఎంతసేపు నడవగలరు, మెట్లు ఎక్కగలరా, కోడిగుడ్డు తింటారా, చిన్నపాప ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, బాబుకు చీకటంటే భయమా, చలికి మీ దగ్గర ఏ బట్టలున్నాయి, ఇలా ఒకదాని తరువాత ఒకటి అడిగారు. పాపను గోడకు ఆనించి నిలబెట్టి కొలిచి, 98 అని చెప్పాను. ఆ తరువాత మాకు అందిన ప్రతి సలహా ఆ జవాబుల్లోంచి పుట్టినదే. సలహా చెప్పేవారు మనకు దొరుకుతూనే ఉంటారు గానీ, ముందు మన సంగతి కనుక్కొని ఆ తరువాత చెప్పేవారు అరుదు.

అక్కడ పక్కపక్కనే రెండు పార్కులు ఉన్నాయి. అమెరికా వెలుపల కట్టిన మొదటి డిస్నీ పార్కుగా 1983 ఏప్రిల్ 15న తెరిచిన డిస్నీల్యాండ్ ఒకటి, 2001లో తెరిచిన డిస్నీసీ మరొకటి. 2024లో కొత్త భాగం చేరినప్పటి నుంచి అందరూ డిస్నీసీనే మెచ్చుకుంటున్నారని విని నేనూ అటే మొగ్గాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు డిస్నీసీలోని వంతెనలు, ఎత్తుపల్లాలు శ్రమ కలిగిస్తాయని, నాలుగేళ్ల పాపకు డిస్నీల్యాండ్‌లోనే ఆడుకోవడానికి ఎక్కువ ఉంటుందని అక్కయ్యగారు కారణాలతో సహా వివరించారు. వెళ్లే రోజును నిర్ణయించినదీ ఆవిడే. జనవరి రెండో సోమవారం జపాన్‌లో యుక్తవయస్సుకు వచ్చినవారిని సత్కరించే సెలవు దినం. డిస్నీల్యాండ్ పేరులో టోక్యో ఉన్నా, అది నిజానికి పక్కనున్న చిబా జిల్లాలోని ఉరయాసు పట్టణంలో, సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఉంది. ఆ ఊరి యువతీయువకుల వేడుకను డిస్నీల్యాండ్‌లోనే జరిపే ఆనవాయితీ 2002లో మొదలైందట. పట్టు కిమోనోల్లో వచ్చే ఆ పిల్లలు చూడముచ్చటగా ఉంటారు గానీ, ఆ సెలవుల రద్దీలో మీరు నలిగిపోతారని చెప్పి, ఆ సోమవారం దాటిన తరువాత పనిదినం ఒకదాన్ని ఎంచి ఇచ్చారు.

టిక్కెట్ల విషయంలో మాకు అండగా నిలిచినది తెనాలి నుంచి వెళ్లి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న తమ్ముడు. గేటు దగ్గరికి వెళ్లి అప్పటికప్పుడు టిక్కెట్టు కొనుక్కొనే పద్ధతి అక్కడ లేదని, తేదీ వేసిన టిక్కెట్టును ముందే ఆన్‌లైన్‌లో కొనాలని, పెద్దల ధర రోజును బట్టి మారుతుందని, నాలుగేళ్లు నిండితే పిల్లలకూ టిక్కెట్టు తీసుకోవాలని ఆయన చెప్పేవరకు నాకు తెలియదు. రెండు నెలల ముందు, జపాన్ సమయం ప్రకారం మధ్యాహ్నం రెండు గంటలకు, అంటే మనకు ఉదయం పదిన్నరకు, అమ్మకం మొదలవుతుంది. ఆ వేళకు సిద్ధంగా కూర్చున్నా మా బ్యాంకు కార్డు ఆ చెల్లింపునకు ఒప్పుకోలేదు. విషయం తెలియగానే తమ్ముడు తన కార్డుతో అయిదు టిక్కెట్లూ కొని పంపించి, సొమ్మును తెనాలిలోని తల్లిదండ్రులకు వీలైనప్పుడు ఇవ్వమన్నాడు. ముఖమైనా చూడని మనుషుల కోసం అంత మొత్తం ఖర్చు పెట్టడానికి ఎంత నమ్మకం కావాలో నేను వేరే చెప్పనక్కర్లేదు. సొమ్ము జమ చేసిన నాడు ఆయన అమ్మగారు ఫోన్ చేసి, మా అబ్బాయి చిక్కిపోయాడేమో కాస్త చూసి చెప్పమ్మా అని కోరి, కంది పొడి, పప్పు వడియాలు మాతో పంపించారు. కొరియర్‌లో వచ్చిన ఆ మూటలో తాజా కరివేపాకు కూడా ఉంది గానీ, పచ్చి ఆకులు, పండ్లు ధ్రువపత్రం లేకుండా జపాన్‌లోకి తీసుకురానివ్వరని అక్కయ్యగారు ముందే హెచ్చరించడంతో దాన్ని మా ఇంటి పులుసులోనే వాడేశాం. అమ్మగారూ, మీ అబ్బాయి చిక్కలేదు, నిశ్చింతగా ఉండండి.

బస కూడా షింజుకు వంటి పేరున్న చోట వద్దని, నిషి కసాయ్‌లోనే తీసుకోమని వారు చెప్పడం వల్ల మాకు రెండు మేళ్లు జరిగాయి. 2000వ సంవత్సరం ప్రాంతంలో కంప్యూటర్ ఇంజనీర్లుగా వచ్చిన భారతీయులు స్థిరపడిన పేట అది. పప్పులు, మసాలాలు అమ్మే దుకాణాలు, దోసె దొరికే హోటళ్లు నడిచివెళ్లే దూరంలో ఉన్నాయి. ఇక రెండో మేలు రైలు దారి. అందరూ చెప్పే మార్గంలో టోక్యో స్టేషన్‌లో దిగి, డిస్నీల్యాండ్ పక్కనున్న మైహామా స్టేషన్‌కు వెళ్లే కేయో లైన్ రైలు ఎక్కాలి. ఆ ప్లాట్‌ఫారాలు భూగర్భంలో, మిగిలిన లైన్లకు ఎంతో దూరంగా ఉంటాయి. మామూలు మనిషికే పది పదిహేను నిమిషాల నడక. అత్తయ్యగారి మోకాళ్లు పార్కుకు చేరకముందే అలిసిపోయేవి. నిషి కసాయ్ నుంచి తోజాయ్ లైన్‌లో రెండో స్టేషన్ ఉరయాసు, అక్కడి నుంచి డిస్నీకి నేరుగా బస్సు. ఈ దారిని తమ్ముడు కాగితం మీద బొమ్మ గీసి, ఏ ద్వారం నుంచి బయటికి రావాలో, బస్సు ఎక్కడ ఆగుతుందో బాణం గుర్తులతో చూపించి ఫోటో పంపాడు. అంతటితో ఆగక, తన తల్లిదండ్రులు వచ్చినప్పుడు వాడిన సూయికా కార్డులు రెండింటిని మా చేతికిచ్చాడు. వాటిని గేటుకు తాకిస్తే చాలు, రైలుకైనా బస్సుకైనా చార్జీ దానంతటదే చెల్లిపోతుంది.

చలి గురించి కూడా ఒక మాట చెప్పాలి. జనవరిలో పార్కు మీదికి వీచే సముద్రపు గాలి ఎంత కరుకుగా ఉంటుందో గోదావరి ఒడ్డున పెరిగిన మాకు ఊహకందదు. వంద యెన్‌ల దుకాణంలో దొరికే కైరో అనే వేడి పొట్లాలను లోపలి బట్టలకు అంటించుకోవాలని, చర్మానికి తగిలితే కాలుతుందని అక్కయ్యగారు చెప్పి, ఎలా వాడాలో మేము పార్కుకు వెళ్లే ముందురోజు మా గదికి వచ్చి చూపించారు.

ఆ రాత్రే ఆవిడ మరొక పెద్ద పని చేశారు. పార్కులో చక్రాల కుర్చీ అద్దెకు తీసుకుందామంటే అత్తయ్యగారు ససేమిరా అన్నారు; నలుగురిలో తనను అలా తోసుకుంటూ తిప్పడం ఆవిడకు నామోషీ. నేనూ మావారూ ఎంత చెప్పినా వినలేదు. అక్కయ్యగారు పక్కన కూర్చొని, "పిన్నిగారూ, ఆ కుర్చీ నడవలేనివారి కోసమని ఎందుకనుకుంటారు? మీరు నడిస్తే మధ్యాహ్నానికే గదికి రావాలి, కూర్చుంటే మనవడితో సాయంత్రం దాకా ఉండవచ్చు. ఏది కావాలో మీరే చెప్పండి" అన్నారు. అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, సరే, ఎవరికీ చెప్పకండి అన్నారు. (ఇప్పుడు ఆవిడ అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. వాకింగ్ స్నేహితురాళ్లకు ఆవిడే ముందుగా చెప్పేశారు.)

భోజనం గురించి నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడ్డాను. మా అత్తయ్యగారు శుద్ధ శాకాహారి. కూరగాయలతో చేసినట్లు కనిపించే నూడుల్స్ పులుసులో చేపల నుంచి తీసిన దాషి ఉంటుందని, కూరల్లో మాంసపు కొవ్వు కలిసి ఉండవచ్చని, పార్కు లోపలికి ఇంటి భోజనం తీసుకువెళ్లనివ్వరని తెలిసినప్పుడు ఆవిడను పళ్ల మీదే ఉంచవలసి వస్తుందేమో అనుకున్నాను. ప్రవేశద్వారం బయట బల్లలు వేసిన భోజనశాల వంటి స్థలం ఒకటి ఉందని, మధ్యలో బయటికి వచ్చి, అక్కడ తిని తిరిగి లోపలికి వెళ్లవచ్చని అక్కయ్యగారు చెప్పారు. ఊరికే చెప్పడమే కాదు, ఆ ఉదయం ఆరు గంటలకే పులిహోర, దద్ధ్యోజనం డబ్బాలు హోటల్ కింద మాకందించి తన ఉద్యోగానికి వెళ్లారు. పొట్లం విప్పగానే ఇంగువ వాసనకు అత్తయ్యగారి ముఖం వికసించింది. పరాయి దేశంలో పనిదినం పూట, తెల్లవారుజామున లేచి అయిదుగురికి వండిన ఆ చేతులకు మేము ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

లోపల ఏమి చూశామన్నది క్లుప్తంగానే చెబుతాను. కొండల్లో వేగంగా దూసుకెళ్లే బిగ్ థండర్ మౌంటెన్ రైలు ఎక్కడానికి 102 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి కాబట్టి పాపకు వీలుకాలేదు. అయితే ఎక్కలేని పిల్లల తల్లిదండ్రులు మళ్లీ వరుసలో నిలబడకుండా ఒకరి తరువాత ఒకరు వెళ్లే సదుపాయం ఉందని, అక్కడి సిబ్బందిని ముందే అడగాలని తమ్ముడు చెప్పడంతో మావారూ నేనూ ఇద్దరం ఎక్కగలిగాం. తేనె కుండల్లో కూర్చోబెట్టి, పట్టాలు లేకుండానే గిరగిరా తిప్పే, విన్నీ ది పూ అనే ఎలుగుబంటి కథతో సాగే వినోదయాత్ర పాపకు నచ్చింది. మూడంతస్తుల మార్క్ ట్వైన్ ఆవిరి పడవ మీద నది చుట్టూ తిరిగినంతసేపు అత్తయ్యగారు పాపికొండలకు లాంచీలో వెళ్లినట్లే ఉందని మురిసిపోయారు, కాకపోతే ఇక్కడ నీళ్లు మరీ కొంచెమని కూడా అన్నారు. ఎక్కువ గిరాకీ ఉన్న బ్యూటీ అండ్ ది బీస్ట్ అనే వినోదయాత్ర ఒక్కదానికి మాత్రం, పార్కులోకి అడుగు పెట్టగానే ఫోన్‌లో అదనపు రుసుము చెల్లించి సమయం తీసుకోమని నిషి కసాయ్ వారు చెప్పారు, మిగిలినవాటికి ఆ ఖర్చు అనవసరమన్నారు. నా అభిప్రాయమూ అదే. ఊరేగింపు దారి పక్కన చాప పరుచుకొని కూర్చోవడానికి గంట ముందు నుంచే అనుమతిస్తారు. అక్కయ్యగారిచ్చిన మడతచాప అక్కడ అక్కరకొచ్చింది.

అత్తయ్యగారు పుట్టినది భోగినాడు. ఆ వారంలోనే వెళ్తున్నారు కదా, సిబ్బందిని అడిగితే పుట్టినరోజు స్టిక్కర్ ఇస్తారని తమ్ముడు చెప్పాడు. అడిగాను. ఒక అమ్మాయి చక్రాల కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చొని, పేరు అడిగి, పలకడం రెండుసార్లు అభ్యాసం చేసి, స్టిక్కర్ మీద రాసి ఇచ్చింది. దాన్ని శాలువాకు అంటించుకున్న క్షణం నుంచి దారిన కనిపించిన సిబ్బంది ప్రతి ఒక్కరూ ఆగి, "ఒమెదెతో గొజాయిమాసు" అని అభినందించారు. మొదట సిగ్గుపడిన ఆవిడ, సాయంత్రానికి తానే ముందుగా చేతులు జోడించి నమస్కారం పెట్టసాగారు. ఆ అమ్మాయి ఈ తెలుగు మాటలు చదవలేదని తెలిసినా, ఆమెకు కూడా ఇక్కడే కృతజ్ఞతలు తెలుపుతున్నాను.

చీకటి పడేసరికి పాప నిద్రపోయింది. రాత్రి దీపాల ఊరేగింపు చూడాలని బాబు పట్టుబట్టడంతో మావారు వాడితో ఉండిపోయారు. నేను పాపను ఎత్తుకొని, అత్తయ్యగారితో బస్సులో ఉరయాసు చేరేసరికి, ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన తమ్ముడు స్టేషన్ ముందు నిలబడి ఉన్నాడు. రమ్మని మేము అడగలేదు. పాపను తన భుజం మీద వేసుకొని, మమ్మల్ని గది తలుపు దాకా దింపి వెళ్లాడు.

మడతచాపను అక్కయ్యగారికి, సూయికా కార్డులను తమ్ముడికి తిరిగి ఇచ్చేశాం. కార్డుల్లో మిగిలిన సొమ్ము తరువాత వచ్చే కుటుంబానికి పనికివస్తుందని అలాగే ఉంచాం. వేసవి సెలవుల్లో ఇక్కడి నుంచి బయలుదేరేవారు ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం వరకు జపాన్‌లో వరసగా సెలవులు వచ్చే గోల్డెన్ వీక్‌ను తప్పించుకొని రావాలని, అడగదలచినవారు పిల్లల ఎత్తు, పెద్దల నడక సంగతి ముందే రాసి పెట్టుకొని అడగాలని అక్కయ్యగారు నాతో చెప్పి పంపారు.