జేబులో బ్యాటరీ గురించి చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో కాలేజీ కుర్రాడి జేబులో ఈ-సిగరెట్ పేలి తొడ కాలిన వార్త చదివాను. వార్తంతా నికోటిన్ మీద, చెడిపోతున్న యువత మీద నడిచింది. ఆ కుర్రాణ్ణి కాల్చింది లిథియం బ్యాటరీ. దాని గురించి ఒక్క వాక్యమైనా లేదు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ఈ-సిగరెట్లను 2019 చట్టంతో దేశమంతటా నిషేధించారు. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నిషేధం సరైనదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దొంగచాటుగా వచ్చే సరుకుకు బిల్లుండదు, ఎలా వాడాలో చెప్పే కాగితముండదు, ఏదైనా జరిగితే నిలదీయడానికి అమ్మినవాడుండడు. ఇంట్లో తెలియకూడదని పిల్లలు వాటిని దిండు కింద పెట్టుకుని రాత్రంతా చార్జింగ్ పెడితే చూసేదెవరు?

విడి బ్యాటరీలు వేసే రకం మరీ ప్రమాదం. పొగ దట్టంగా రావాలని తక్కువ ఓమ్‌ల కాయిల్, అంటే కరెంటును తక్కువగా అడ్డుకునే తీగచుట్ట పెడతారు. నిండా చార్జయిన సెల్ 4.2 వోల్టులు. కాయిల్ 0.2 ఓమ్ అయితే 21 ఆంపియర్లు లాగుతుంది, అంటే 88 వాట్లు. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన సెల్స్ చాలావరకు అందులో సగం కూడా తట్టుకోలేవు. కరెంటును అదుపు చేసే సర్క్యూట్ లేని పరికరమైతే ఇక ఆపేదే లేదు. సర్క్యూట్ ఉన్నా సరే, వాట్లు పెంచి వదిలేస్తే చార్జి దిగేకొద్దీ అదే పవర్ ఇవ్వడానికి సెల్ ఇంకా ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. పైగా సెల్ ఒళ్లంతా నెగటివే. దాని మీది పల్చటి ప్లాస్టిక్ తొడుగు చిరిగినా, విడి సెల్‌ను తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేసుకున్నా షార్ట్ అయి మంటలు రావచ్చు.

ఇదంతా ఓమ్ సూత్రమే, ప్రతి పిల్లవాడూ పరీక్షలో రాసేదే. ల్యాబ్ తలుపులు ప్రాక్టికల్స్ ముందు మాత్రమే తెరిచే కాలేజీల్లో దాన్ని జేబులో వస్తువుకు కలిపి చెప్పే తీరిక ఎవరికుంది? ర్యాంకుల ఫ్లెక్సీలకు మాత్రం డబ్బుంటుంది.

ఇది ఈ-సిగరెట్లు తాగేవాళ్ల గొడవే అనుకుంటే పొరపాటు. మన జిల్లా ఉద్దానంలో ఎలుగుబంట్ల భయానికి రాత్రిపూట జీడితోటల వైపు టార్చి లేకుండా ఎవరు వెళ్తారు? చార్జింగ్ టార్చిల్లో చాలావాటికి వేసేదీ 18650 అనే ఈ వేలెడంత గుండ్రటి లిథియం సెల్లే. శ్రీకాకుళం బజారులో వీటి మీద 9900 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క) అని అచ్చేసి అమ్ముతున్నారు. ఆ సైజులో పేరున్న కంపెనీల సెల్స్ కూడా చాలావరకు 3,500 దగ్గరే ఆగిపోతాయి. కిలోకు వంద గ్రాములు తగ్గితే కేసు రాసే తూనికలు కొలతల శాఖకు ఇంత పచ్చి అబద్ధం కనిపించదా? 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషే పోయాడు. ఆ తర్వాత స్కూటర్ బ్యాటరీల ప్రమాణాలు బిగించారు. దుకాణంలో విడిగా అమ్మే సెల్‌ను పట్టించుకున్నవాళ్లు లేరు.

ఇక ఈ-సిగరెట్లు పట్టుకోవడానికి అధికారులు చేసే దాడుల సంగతి. సరుకు బల్ల మీద పరిచి, అధికారులు వెనక నిలబడి దిగిన ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. ఆ తర్వాత ఆ సరుకు ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు. ఒక్కసారి వాడి పారేసే రకంలోనూ లిథియం సెల్ ఉంటుంది. దాన్ని గుట్కాతో కలిపి తగలబెట్టినా, చెత్త బండిలో వేసి నలిపినా మంటలు పుడతాయి, కాలేది పారిశుద్ధ్య కార్మికుల చేతులు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీలను కాల్చడానికి, పూడ్చడానికి వీల్లేదని, రీసైక్లింగ్‌కో పునరుద్ధరణకో పంపాలని చెబుతున్నాయి. మన జిల్లాలో ఇప్పటివరకు పట్టుకున్న ఈ-సిగరెట్లను ఏ రీసైక్లింగ్ కేంద్రానికి పంపారో కలెక్టర్ గారు మీ పత్రిక ద్వారానే ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు,
శ్రీకాకుళం