డంగు సున్నం గోడకు సిమెంట్ పూయకండి

సంపాదకులకు నమస్కారం.

మాది మెదక్. నేను తాపీ మేస్త్రిని, నలభై ఏళ్లుగా ఇదే పని. మా నాన్న కూడా మేస్త్రే. ఆయన చేతికింద నేను మొదట నేర్చుకున్నది సిమెంట్ పని కాదు, డంగు సున్నం పని. అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో చేసే పని. మా ఊళ్లో పాత కట్టడాలకు జరుగుతున్న రిపేర్లు చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మెదక్ అనగానే బయటివాళ్లకు చర్చే గుర్తొస్తుంది. 1914లో పని మొదలై పదేళ్లు నడిచింది. 1924 డిసెంబర్ 25న ప్రార్థనలకు తెరిచారు. కరువు కాలంలో జనానికి పని ఇచ్చి అన్నం పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లిష్ పాదిరి దొర అనుకున్నాడు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు వచ్చి రాళ్లు మోశారు. మెతుకు సీమ అని పేరున్న చోట మెతుకు కోసం చేసిన పని అది. వచ్చినవాళ్లంతా 175 అడుగుల గోపురం ముందు నిలబడి ఫోటో దిగి, చీకటి పడకముందే ఏడుపాయలకో హైదరాబాద్‌కో వెళ్లిపోతారు.

లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఒకదాంట్లో ఏసు పుట్టుక, ఒకదాంట్లో సిలువ, ఇంకోదాంట్లో ఆరోహణం. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. బయటి వెలుతురు పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. ఒకరోజు మనవరాలితో సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఎరుపు, నీలం మెల్లగా మసకబారి, పొద్దు గూకేసరికి అద్దం నల్లగా అయిపోయింది. "తాతా, బొమ్మలు ఎటు పోయినయ్?" అని అడిగింది పిల్ల. ఎటూ పోలేదు, పొద్దున మళ్లీ వస్తాయని చెప్పాను. పాత గోడ విషయంలో ఆ మాట చెప్పలేను. పోయిందంటే పోయినట్టే.

చర్చిని చూసుకునేవాళ్లు ఉన్నారు. నా బాధంతా మిగతా ఊరి గురించే. గుట్ట మీద కాకతీయుల నాటి ఖిల్లా ఉంది. ఒక ద్వారం మీద గండభేరుండం అనే రెండు తలల పక్షి బొమ్మ, ఒకచోట సింహాలు, మరోచోట ఏనుగులు. పైకి వెళ్తే కుతుబ్‌షాహీల కాలం నాటి మసీదు, ధాన్యం గదులు, పాత ఫిరంగి ఉన్నాయి. ఇక ఊళ్లోకొస్తే పాత ఇళ్లు. మూరెడు మందం గోడలు, చెక్కిన దర్వాజాలు, ఎండాకాలం కూడా కాలికి చల్లగా తగిలే గచ్చు. ఈ ఇళ్లకు టికెట్ లేదు, బోర్డు లేదు. ఏటా ఒకటో రెండో కూలుతున్నాయి. కూలనివాటికి సిమెంట్ పూస్తున్నారు.

సిమెంట్ పూస్తే తప్పేంటి, గట్టిగా ఉంటుంది కదా అంటారు. ఆ గట్టితనమే పాత గోడకు చేటు. పాత గోడ పునాది నుంచి తేమను పైకి లాగుతుంది. వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. సున్నం ఆ తేమను బయటికి పోనిస్తుంది. సిమెంట్ పోనివ్వదు. లోపలే ఉండిపోయిన తేమ గోడను తినేస్తుంది. పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ల కిందట ఒక పాత కట్టడం రిపేరుకు నన్ను పిలిచారు. ఏ కట్టడమో, ఎవరు పిలిచారో ఇక్కడ రాయను. గోడ చూసి ఇది డంగు సున్నం పని, సున్నంతోనే చేద్దామన్నాను. "ఎస్టిమేట్‌లో సిమెంటే రాసి ఉంది, నెలాఖరుకు బిల్లు పెట్టాలి" అన్నారు. కూలి కావాలి, ఇంట్లో పెళ్లి ఉంది. నేను కూడా సిమెంటే పూశాను. నా చేత్తోనే పూశాను. రెండు వానాకాలాలు గడిచాక చూడబోతే నడుము ఎత్తున గోడ ఉబ్బి ఉంది. తాపీ వెనకతో కొడితే డబడబ మని గుల్ల చప్పుడు. అంచు పట్టి లాగితే పెచ్చు చేతికొచ్చింది. దాని వెనక వందేళ్ల సున్నం తడి పిండిలా రాలింది, రాళ్ల మధ్య వేలు దూరింది. నేను ముట్టుకోక ముందు ఆ గోడకు అక్కడక్కడా నెర్రెలు తప్ప ఏ జబ్బూ లేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

సున్నం పని నిదానం. సున్నపురాయి కాల్చి, నీళ్లు పోసి విరియబెట్టాలి. బుసబుసమని పొంగుతుంది, దగ్గరికి పోతే ముఖం కాలుతుంది. తర్వాత రోజుల తరబడి నానాలి. ఇసుక కలిపి గానుగలో తిప్పాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లు. మా నాన్న నలిగిన సున్నాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది, గరుకు తగిలితే మళ్లీ గానుగలో వేయించేవాడు. పూసిన తర్వాత కూడా తడిపిన గోనె సంచులు కప్పేవాడు. "తొందరపడకు బిడ్డా, సున్నం గాలి పీల్చుకోవాలె" అనేవాడు. నిజంగానే అది గాలి పీల్చుకుని, ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ రాయిలా అవుతుంది. సన్నటి నెర్రె పడితే దానంతటదే పూడుకుంటుంది కూడా.

2017లో మన రాష్ట్రం వారసత్వ కట్టడాల కోసం చట్టం తెచ్చింది. మంచిదే. కానీ గోడ దగ్గర నిలబడే మేస్త్రి చేతికి వచ్చేది చట్టం కాదు, ఎస్టిమేట్ కాగితం. ఆ కాగితంలో సున్నం అని రాయండి. పని ముగించడానికి నెల కాదు, ఆరు నెలలు ఇవ్వండి. ఇంజనీరు సంతకం పెట్టేముందు సున్నం పని తెలిసిన ఒక ముసలి మేస్త్రిని పిలిచి గోడ చూపించండి. ఊళ్లో పాత ఇళ్లు ఎన్ని మిగిలాయో ఒక్కసారి వీధి వీధి తిరిగి రాసుకోండి. ఇల్లు కూల్చుకునేవాళ్లను నేను తిట్టను, రిపేరుకు డబ్బులు లేక కూల్చుకుంటున్నారు. వాళ్లకు కొంత సాయం అందితే సగం ఇళ్లు నిలుస్తాయి.

డబ్బుల కంటే ముందు చేతులు కావాలి. మా ఊళ్లో సున్నం పని తెలిసినవాళ్లం ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే ఉన్నాం. నాకు మోకాళ్లు అరిగాయి, పరంజా ఎక్కలేను. కింద కూర్చుని చెప్పగలను. పోయిన వారం మా పెరట్లో తొట్టి నిండా సున్నం నానబెట్టాను. ఇంకో రెండు వారాల్లో వాడకానికి వస్తుంది. నేర్చుకుంటామని ఎవరైనా పిల్లలు వస్తే తాపీ కూడా నేనే ఇస్తాను.

ఇట్లు
ఒక తాపీ మేస్త్రి, మెదక్