కబడ్డీ బాలికలకు కృతజ్ఞతలు

సంపాదకులకు నమస్కారం.

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల కబడ్డీ జట్టులోని పదో తరగతి బాలికలు ఈ వేసవితో వీడ్కోలు తీసుకుంటున్నందున, వ్యాయామ ఉపాధ్యాయురాలిగా వారికి మీ పత్రిక ద్వారా కృతజ్ఞతలు తెలుపుతున్నాను. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లోనే చేరినా, మహిళలకు 2010 దాకా చోటు దక్కలేదు. ఆడపిల్లను మైదానానికి పంపే తల్లిదండ్రులంటే అందుకే నాకు అంత గౌరవం.

కూతకు వెళ్లి అవుటైన క్రీడాకారిణి, తోటివారు పాయింటు తెస్తేనే మళ్లీ బరిలోకి వస్తుంది. మోకాలి దెబ్బతో ఆటకు దూరమైన తొమ్మిదో తరగతి అమ్మాయికి లెక్కలు చెప్పి, రోజూ ఇంటిదాకా దిగబెట్టిన ఈ అక్కలు ఆ నియమాన్ని మైదానం బయటా పాటించారు. వెళ్తూ వెళ్తూ తమ మోకాలి పట్టీలను ఉతికి చెల్లెళ్లకు ఇచ్చారు. వీరు చేరబోయే జూనియర్ కళాశాలలు సాయంత్రం గంటసేపైనా వీరిని ఆడనివ్వాలని యాజమాన్యాలను కోరుతున్నాను.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా