మన పాఠకుల సంఘం, కావలి: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ రాయడం లేదు. ఈ ఏడాది మన పనంతా ఆదివారం కథల గంట చుట్టూనే తిరిగింది. జూన్‌లో పాత పద్ధతిలోనే మొదలుపెట్టాం. కథ చదవడం, చివర్లో నీతి అడగడం. పిల్లలు "మోసం చేయరాదు" అని కోరస్‌గా అప్పజెప్పి ఇంటికి పరిగెత్తేవాళ్ళు. కథ ఏదైనా నీతి అదే! ఆగస్టులో మన ఉపాధ్యక్షులు, రిటైరైన తెలుగు పండితులు, "నీతి సంగతి వదిలేయండయ్యా, కథలో వాళ్ళకి అప్పుడు ఎట్టా ఉండిందో అడగండి" అన్నారు. అప్పటినుంచి గంట కాస్తా గంటన్నర అయింది.

కోతి, మొసలి కథ చెప్పిన రోజు నాలుగో తరగతి అబ్బాయి ఒకడు మొసలిని తిట్టడానికి ఒప్పుకోలేదు. "ఇంట్లో పెళ్ళాం గుండెకాయ కావాలంటది, వీపు మీద ఫ్రెండు కూర్చోనుండాడు, దానికెంత టెన్షన్ సార్!" అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు. కోతికి ఇంకా భయమేసుంటుందని, కానీ బయటపడకుండా గుండె చెట్టుమీదే మరిచిపోయానని చెప్పిందని వాదించింది. వాళ్ళతో వచ్చిన మూడేళ్ళ తమ్ముడు మాత్రం "గుండె కోతి లోపలే ఉంది గదా, మొసలికి తెలీదా?" అన్నాడు. తనకి తెలిసింది ఎదుటివాళ్ళకి తెలియకపోవచ్చన్న సంగతి పిల్లలకి నాలుగైదేళ్ళ వయసులో అందుతుందని ఉపాధ్యక్షులు తర్వాత మాకు చెప్పారు.

ఇక అందరూ మెచ్చుకున్న కార్యక్రమం. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఏడు చేపల కథ ఆడించాం. షరతు ఒక్కటే, ఎవరి పాత్ర వాళ్ళు మనసులో మాట కూడా చెప్పాలి. గొల్లవాడు "కడుపు కాలతా ఉంటే ఆవుల్ని ఎట్టా తోలేది?" అన్నాడు. అవ్వ "పసోణ్ణి చంకనేసుకోవాల్నా, గంజి వార్చాల్నా?" అని ఎదురడిగింది. చీమ "పుట్ట నా ఇల్లు. మీ ఇంట్లో ఎవరన్నా వేలు పెడితే ఊరుకుంటారా?" అంది. చప్పట్లు మోగాయి. అయిపోయిందనుకుంటే, ఎండని చేప వేషం వేసిన పిల్ల కదల్లేదు. సముద్రం పక్క పాలెం నుంచి వస్తుంది. "చేప ఎండకపోతే చేపకేముంటది సార్, మా అమ్మకుంటది. ముసురు పడితే నెత్తళ్ళన్నీ బుట్టలకెత్తి లోపల పోసి, వాసన పట్టిందేమోనని గంటకోసారి చూసుకుంటాది. కథలో ఎండబెట్టినామె ఎవరో చెప్పలా" అంది. రాజు కొడుకులే ఎండబెట్టారమ్మా అన్నాను. "కొడుకులు ఎండబెట్టరు సార్, తెచ్చి పడేస్తారంతే" అంది. వెనక చాపల మీద కూర్చున్న తల్లులు నవ్విన నవ్వుకి బయటి వాన చప్పుడు వినపడలేదు. చిన్నప్పటినుంచీ వందసార్లు చెప్పిన కథ, నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు.

మిగతా పనులు మామూలే. వేసవి శిబిరం 5 రోజులు నడిచింది, మొక్కలు నాటాం, కొన్ని బతికాయి.

మనం కథలు చెప్పే గ్రంథాలయం హాలు తాళం గురించి రాయకుండా ఉండలేను. తాళమా ఎందుకు తీయలేదంటే వాచ్‌మన్ రాలేదు. వాచ్‌మన్ ఎందుకు రాలేదంటే ఆర్డరు లేదు. ఆర్డరు ఎందుకు లేదంటే పైన ఫైలు కదల్లేదు. చీమ దాకా మనం ఇంకా చేరలేదు. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మాత్రం ఏటా కడుతూనే ఉన్నాం. చాలా ఆదివారాలు అరుగు మీదే కథలు చెప్పాం.

స్వచ్ఛందంగా వస్తామని 11 మంది పేర్లిచ్చారు. దసరా నాటికి ముగ్గురం మిగిలాం. ఆ ముగ్గురిలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు. వాట్సాప్‌లో దండం బొమ్మలు పెట్టేవాళ్ళకి లోటు లేదు, చాపలు పరిచేవాళ్ళే కావాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా పంచాం, ఆడిటరు గారు చూశారు. కొద్దిగా మిగులు ఉంది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

పిల్లల్ని పాలెం నుంచి కిరాయి తీసుకోకుండా తెచ్చిన ఆటో అన్నకు, వేషాలకు పాత చీరలిచ్చిన తల్లులకు, బెంచీలిచ్చిన టీ కొట్టు యజమానికి, జిరాక్సు డబ్బులు అడగని కుర్రాడికి, ప్రతి వారం మజ్జిగ పంపిన ఉపాధ్యక్షుల ఇంటివారికి సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించాలి.

వచ్చే ఆదివారం తాళం ఎవరు తెస్తారో, చాపలు ఎవరు పరుస్తారో ఈ సమావేశంలోనే పేర్లు రాసుకుంటాను.

ఇట్లు,
కార్యదర్శి