కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుందో పిల్లలకు ముందే చెప్పండి

సంపాదకులకు,

ఇంటర్ ఫలితాలు వచ్చాక పిల్లలు కుంగిపోతే ‘పిల్లవాడిని మానసిక కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లండి’ అని అందరూ అంటారు. అక్కడ ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మా చెల్లెలి కొడుకును దేవరకొండ నుంచి నల్గొండకు నేనే తీసుకెళ్లాను. ఇంజెక్షన్ ఇస్తారేమోనని బస్సులో దారి పొడవునా భయపడ్డాడు. తీరా వెళ్తే సూదీ లేదు, మందూ లేదు. నిద్ర, ఆకలి, ఇంటి సంగతులు అడిగారు. చనిపోవాలనిపిస్తోందా అనీ సూటిగానే అడిగారు. నేనున్నంతసేపూ వాడు చొక్కా గుండీ తిప్పుతూ ఉండిపోయాడు. నన్ను బయట కూర్చోమన్నాకే నోరు విప్పాడు. పెద్దవాళ్లు దీనికి నొచ్చుకోకూడదు.

మొదటి రోజే పరిష్కారం దొరకదు. ఇంటికొచ్చాక మనసు ఇంకా బరువెక్కవచ్చు కూడా. అది చూసి మాన్పించవద్దు. మందులు రాసేది సైకియాట్రిస్టు (మానసిక వైద్యుడు), కౌన్సెలర్ కాదు. ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

వెళ్లే వీలు లేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును ప్రతి జూనియర్ కళాశాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలని జిల్లా అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ, నల్గొండ జిల్లా