నాన్న గుండెకు గట్టు వేసినవాళ్లకు

నిన్నటితో నాన్నకి బైపాస్ జరిగి మూడు నెలలు నిండాయి. ఈసీజీ చూసి, గుండె లయ సరిగ్గా ఉందన్నారు డాక్టరుగారు. ఈ మాట విన్నాకే రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను.

నాన్న తెనాలి దగ్గర రైతు. మూడు బ్లాకులు, దానికితోడు రెండేళ్లుగా గుండె లయ తప్పి కొట్టుకోవడం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. విజయవాడ సూర్యారావుపేటలో చేర్చాం. ఆపరేషన్ ముందురోజు సర్జన్‌గారు నాన్న మంచం మీదే కూర్చుని రిపోర్టు వెనకాల గుండె బొమ్మ గీశారు. పైగదుల్లో కరెంటు అడ్డదిడ్డంగా తిరుగుతోందట. ఎలాగూ ఛాతీ తెరుస్తున్నాం కాబట్టి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల చుట్టూ వేడితో సన్నగా కాలుస్తామని, అక్కడ పడే మచ్చని ఆ కరెంటు దాటలేదని చెప్పారు. నాన్న బొమ్మ వంక కాసేపు చూసి, "నీళ్లు పక్క మడిలోకి పోకుండా గట్టు వేసినట్టా సార్?" అన్నారు. "అచ్చం అంతే పెద్దాయనా" అంటూ ఆయన ఆ గీతల్ని పెన్నుతో ఇంకాస్త లావుగా దిద్దారు.

ఎడమ పైగదికి ఉండే చిన్న సంచిలాంటి భాగాన్నీ మూసేస్తామన్నారు. లయ తప్పినప్పుడు రక్తం గడ్డకట్టేది ఎక్కువగా అక్కడే. ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం. మా పెదనాన్న అలాగే మంచాన పడ్డారు. ఆపరేషన్ టైము కొంత పెరుగుతుందని దాచకుండా చెప్పారు కూడా. అందుకే సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణకలేదు.

నాలుగోరోజు రాత్రి లయ మళ్లీ తప్పింది. మానిటర్ మోగుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "మొదటి వారాల్లో ఇది మామూలేనమ్మా, మూడు నెలలు దాటాకే ఏదైనా తేలేది" అంటూనే డాక్టరుకి ఫోన్ చేసి, సెలైన్‌లో మందు ఎక్కించి, తెల్లారేదాకా వచ్చి చూస్తూనే ఉన్నారు నైట్‌డ్యూటీ సిస్టర్. నాన్నకి దగ్గు వస్తే టవల్ చుట్ట ఛాతీకి అదిమిపట్టి, "ఇప్పుడు దగ్గండి బాబాయ్" అనేవారు. సిస్టర్, మీ రుణం తీర్చుకోలేను.

సర్జన్‌గారికి, మత్తు డాక్టరుగారికి, గుండె ఆగినంతసేపూ మిషన్ నడిపినవాళ్లకి చేతులెత్తి నమస్కారం. నాన్నది బి నెగటివ్. గుంటూరు బ్రాడీపేట నుంచి రాత్రి పదింటికి బండి మీద వచ్చి రక్తమిచ్చిన తమ్ముళ్లిద్దరూ పొద్దున్నే పరీక్ష ఉందని వెంటనే వెళ్లిపోయారు. ఇది చదివితే ఒక్కసారి ఫోన్ చేయండయ్యా, అమ్మ మీతో మాట్లాడాలంటోంది.

రక్తం పల్చబడే మాత్ర ఇంకా నడుస్తోంది, రక్తం ఎంత పల్చగా ఉందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకి వెళ్తున్నాం. ఆ మాత్ర వాడుతున్నా ఆకుకూర మానక్కర్లేదు, ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కాకుండా తినమన్నారు. ఆ బొమ్మ గీసిన రిపోర్టుని మాత్రం నాన్న ఫైల్లో పెట్టనివ్వలేదు. పొలం పాస్‌బుక్కులో పెట్టి బీరువాలో దాచుకున్నారు.