డిక్లరేషన్ కింద వేరొకరి పేరు

సంపాదకులు గారికి,

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర చాలా ఏళ్లుగా జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. ఎక్కడైనా వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఉందంటే ముందురోజు సాయంత్రం మా షాపులో నిలబడే చోటుండదు, ఒక్కొక్కరూ తమ రెజ్యూమె పది కాపీలు తీయమంటారు. తీసేటప్పుడు చదవకూడదు గానీ కళ్లు ఊరుకోవు కదా. అన్నిట్లోనూ పైన అదే మూడు లైన్ల ‘కెరీర్ ఆబ్జెక్టివ్’, ఎవరో సీనియర్ వాట్సాప్‌లో పంపిన ఫైలులోది. దానర్థం తెలుగులో చెప్పమంటే నవ్వేస్తారు (అడిగి చూశాను). మొన్నొక అబ్బాయి పైన పేరు మార్చుకున్నాడు గానీ చివర డిక్లరేషన్ కింద పాత పేరు అలాగే వదిలేశాడు. ‘పై వివరాలన్నీ నిజమే’ అని ఇంకొకడి పేరు మీద! అప్పటికే చాలాచోట్ల ఇచ్చేశాడట.

పోయిన నెల సూర్యాపేట వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. బీకాం, అకౌంట్స్ ఉద్యోగం కోసం. స్కిల్స్ దగ్గర ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, ఎంఎస్ ఆఫీస్’. ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా అంటే ‘ఏం లేదంకుల్, ఫ్రెషర్‌ని’ అంది. కదిపితే తేలిందేమిటంటే, రెండేళ్లుగా వాళ్ల నాన్న ఎరువుల షాపు లెక్కలన్నీ తనే చూస్తోంది, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కించడం, స్టాకు సరిచూడటం, ఉద్దెర ఖాతాలు రాయడం, నెలనెలా జీఎస్టీకి కావలసినవి సర్ది ఆడిటరుకు ఇవ్వడం. సొంత షాపు పని కూడా రాస్తారా అని అనుమానం! ఆబ్జెక్టివ్ తీసేసి అక్కడ ఇవే టైపు చేశాం. రెండు పేజీలది ఒక్క పేజీకి వచ్చింది.

ఇంజినీరింగ్ పిల్లలదీ ఇదే తంతు. ప్రాజెక్టు పేరు రాస్తారు, నలుగురు కలిసి చేసినదాంట్లో తమ వంతు ఏమిటో రాయరు. పైగా రంగురంగుల టెంప్లేట్లు, స్కిల్ పక్కన అయిదు చుక్కల్లో నాలుగు నింపడం. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) పక్కన నాలుగు చుక్కలంటే ఎంత వచ్చినట్టు? ఆన్‌లైన్‌లో పంపితే చాలా కంపెనీల్లో ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది, బొమ్మలూ రెండు కాలమ్‌లూ ఉంటే అది తడబడొచ్చు. సాదా పేజీ, పీడీఎఫ్, ఫైలుకు మీ పేరు, అంతే. ‘న్యూ ఫైనల్ 3’ అని పంపితే ఎవరిదని వెతుక్కుంటారు?

ఇక డబ్బు కడితే లేని మూడేళ్ల అనుభవం పెట్టిస్తామని తిరిగేవాళ్ల సంగతి. ఒకాయన నా దగ్గరికే లెటర్‌హెడ్ టైపు చేయమని వచ్చాడు, పంపేశాను. వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు అడిగితే ఆ మూడేళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? చేరాక బయటపడితే ఉద్యోగమూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది.

కాలేజీల్లో ఫైనలియర్‌లో ఒక పూట కూర్చోబెట్టి ‘నువ్వేం చేశావో చెప్పు’ అని అడిగేవాళ్లుంటే సగం తిప్పలు తప్పేవి. ఈలోగా మీ ఉద్యోగాల పేజీలో ఒక ఫ్రెషర్ రెజ్యూమెని, దిద్దకముందూ దిద్దాకా, పక్కపక్కన వేయండి. కత్తిరించి మా షాపు గోడకు అంటించుకుంటాను.

— ఒక జిరాక్స్ షాపు యజమాని, అమీర్‌పేట, హైదరాబాద్